మాస్టర్ ప్లాన్‌లో రంగు మారితే: భూ వినియోగ మార్పుకు అభ్యంతరం ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి

హైదరాబాద్ చుట్టుపక్కల భూ వినియోగాన్ని మారుస్తూ మున్సిపల్ పరిపాలన, పట్టణాభివృద్ధి శాఖ ఇచ్చే తుది ఉత్తర్వులను నాలుగైదు వరుసగా చదివితే ఒక మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. గడువులోగా ప్రజల నుంచి అభ్యంతరాలు గానీ, సూచనలు గానీ రాలేదు అని. ఆ పక్కనే దరఖాస్తుదారు కట్టాల్సిన చార్జీలు కట్టేశారన్న సంగతి ఉంటుంది. ఈ రెండు మాటలూ కాగితం మీదికి వచ్చాయంటే పని అయిపోయినట్టే. నిన్నటిదాకా పచ్చ రంగులో ఉన్న సర్వే నంబర్ పసుపు రంగులోకి మారుతుంది. పొలమో, తోటో, ఖాళీ జాగానో ఉన్నచోట అపార్ట్‌మెంట్ల కాలనీకి దారి పడుతుంది.

అభ్యంతరాలు రాలేదంటే పక్కన ఉన్నవాళ్లందరికీ ఇష్టమేనని అర్థం కాదు. ఎక్కువసార్లు వాళ్లకు సంగతే తెలియదు. జేసీబీ వచ్చాకో, గోడ మీద ఎర్ర రంగు గుర్తు పడ్డాకో, బ్యాంకువాళ్లు లోన్ ఫైల్ తిరిగి పంపాకో తెలుస్తుంది. అప్పటికి అడిగే హక్కు పూర్తిగా పోదు గానీ, చాలా ఖరీదవుతుంది. అందుకే ఒక ప్రతిపాదన ఆఫీసులో పుట్టి జీవోగా బయటికి వచ్చేదాకా ఏ ఏ మెట్లు ఎక్కుతుంది, వాటిలో సామాన్యుడికి తలుపు తెరిచి ఉండేది ఏ మెట్టు దగ్గర అన్నది తెలుసుకోవడం అవసరం.

ఒక నగరం, చాలా ప్లాన్లు

హైదరాబాద్‌కు ఒకే మాస్టర్ ప్లాన్ ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి చాలా ఉన్నాయి. పాత ఎంసీహెచ్ పరిధికి, అంటే పాతబస్తీ, నాంపల్లి, ముషీరాబాద్, సికింద్రాబాద్ లాంటి లోపలి ప్రాంతానికి, 2010 ఆగస్టు 21న జీవో 363 ద్వారా సవరించిన మాస్టర్ ప్లాన్ వచ్చింది. దాని బయట ఉన్న పాత హుడా ప్రాంతానికి 2008 ఏప్రిల్‌లో జీవో 288, ఔటర్ రింగ్ రోడ్డు గ్రోత్ కారిడార్‌కు అదే ఏడాది జూలైలో జీవో 470 వచ్చాయి. సైబరాబాద్‌కు, విమానాశ్రయ ప్రాంతానికి వేరే ప్లాన్లు ఉన్నాయి. ఇవి కాక మిగిలిన విశాలమైన ప్రాంతానికి 2013 జనవరి 24న జీవో 33 ద్వారా 2031 మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్ అమల్లోకి వచ్చింది. వీటన్నిటినీ చూసేది హెచ్‌ఎండీఏ. జీహెచ్‌ఎంసీ ఇళ్ల పర్మిషన్ ఇస్తుంది, కానీ ఇచ్చే ముందు ఈ ప్లాన్లలో ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో చూస్తుంది. అందుకే 'మున్సిపల్ ఆఫీసులో అడిగాం, వాళ్లకు తెలియదన్నారు' అనే మాట తరచూ వినిపిస్తుంది. అడగాల్సిన చోటు అది కాదు.

ఈ ప్లాన్లలో ప్రతి సర్వే నంబర్‌కూ ఏదో ఒక జోన్ ఉంటుంది. నివాస జోన్, వాణిజ్య జోన్, పరిశ్రమల కోసం మాన్యుఫ్యాక్చరింగ్ జోన్, బడులు, ఆస్పత్రులు, ప్రార్థనా స్థలాల వంటి వాటికి పబ్లిక్, సెమీ పబ్లిక్ జోన్, పార్కులు, ఆటస్థలాలకు రిక్రియేషన్ జోన్, సాగుభూములు ఎక్కువగా ఉండే కన్జర్వేషన్ జోన్, అడవి, నీటి వనరులు. ఊరి అంచున పెరి-అర్బన్ అని మరొకటి. రోడ్ల వెడల్పు కూడా ఇదే మ్యాప్‌లో గీసి ఉంటుంది. ఇప్పుడు 30 అడుగులున్న గల్లీ మ్యాప్‌లో 60 అడుగులని ఉంటే, ఇరువైపులా ఇళ్లవాళ్లకు అది ఇప్పటికే నోటీసు లాంటిది. ఇంటికి ఎవరూ వచ్చి ఇవ్వని నోటీసు.

తమ స్థలం ఏ జోన్‌లో ఉందో తెలుసుకోవడం పెద్ద పని కాదు. ఊరు, మండలం, సర్వే నంబర్ చెప్పి రుసుము కడితే హెచ్‌ఎండీఏ ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. ప్లాటు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు, ఈసీ జాగ్రత్తగా చూస్తారు గానీ ఈ ఒక్క కాగితం తీసుకోరు. రియల్ ఎస్టేట్ ఏజెంట్లు దాని ఊసే ఎత్తరు. కన్జర్వేషన్ జోన్‌లో వెంచర్ వేసి 'ఫ్యూచర్‌లో రెసిడెన్షియల్ అవుతుంది' అని అమ్మిన ప్లాట్ల కథలు శివార్లలో కొల్లలు.

నాలా వేరు, జోన్ మార్పు వేరు

ఇక్కడ ఒక గందరగోళం తీర్చుకోవాలి. సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడానికి రెవెన్యూ శాఖ చేసే పనిని జనం నాలా కన్వర్షన్ అంటారు. అది 2006 నాటి చట్టం కింద జరుగుతుంది. ఇంతకుముందు ధరణిలో, ఇప్పుడు భూభారతిలో దరఖాస్తు చేసి డబ్బు కడితే రికార్డులో భూమి స్వభావం మారుతుంది. దానికీ మాస్టర్ ప్లాన్‌లోని జోన్‌కూ సంబంధం లేదు. నాలా అయిన భూమి కూడా ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్‌లోనే ఉండిపోవచ్చు. ఆ భూమిలో ఇల్లు కట్టడానికి పర్మిషన్ అడిగినప్పుడు ఫైల్ ఆగిపోతుంది. జోన్ మారాలంటే చేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్, ఆఫీసు భాషలో సీఎల్‌యూ, కావాలి. అది ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. ప్రజల అభ్యంతరాలు పిలిచేది దీని కోసమే.

ఫైల్ నడిచే దారి

భూమి యజమాని హెచ్‌ఎండీఏకు దరఖాస్తు పెడతాడు. యాజమాన్య పత్రాలు, సర్వే స్కెచ్, స్థలానికి చేరే రోడ్డు వివరాలు జత చేస్తాడు. ప్లానింగ్ విభాగం సిబ్బంది వెళ్లి చూస్తారు. చుట్టూ ఏముంది, చెరువు ఎంత దూరం, రోడ్డు ఎంత వెడల్పు, ప్లాన్‌లో ఆ ప్రాంతానికి ఏ ఉద్దేశం రాశారు అన్నవి రిపోర్టులో రాస్తారు. ఆ రిపోర్టు సచివాలయంలోని మున్సిపల్ పరిపాలన శాఖకు చేరుతుంది. అక్కడ పరిశీలన అయ్యాక, ఒప్పుకునే ఉద్దేశం ఉంటే ముసాయిదా నోటిఫికేషన్ తయారవుతుంది. ఇంతవరకు ఇదంతా ఆఫీసుల మధ్య వ్యవహారం. పక్కింటివాడికి గానీ, బస్తీవాళ్లకు గానీ ఏమీ తెలియదు.

ముసాయిదా తెలంగాణ గెజిట్‌లో అచ్చయిన రోజు నుంచి కథ మారుతుంది. హెచ్‌ఎండీఏ చట్టం 2008లోని 15వ సెక్షన్ ప్రకారం మార్పు చేసే ముందు దాన్ని ప్రచురించి, ఎవరైనా సరే అభ్యంతరం, సూచన పంపే అవకాశం ఇవ్వాలి, వచ్చినవాటిని పరిశీలించాలి. వరంగల్ లాంటి మిగతా పట్టణాభివృద్ధి సంస్థలకు 1975 నాటి చట్టంలోని 12వ సెక్షన్ ఇదే మాట చెబుతుంది. చట్టంలో 'ఎవరైనా' అన్న మాటకు చాలా బరువు ఉంది. అభ్యంతరం చెప్పడానికి పట్టా అక్కర్లేదు, రిజిస్టర్డ్ సేల్ డీడ్ అక్కర్లేదు. నోటరీ కాగితం మీద ఇల్లున్నవాళ్లు, పగిడీ దుకాణదారులు, కిరాయిదారులు, మస్జిద్ కమిటీ, మందిరం కమిటీ, బడికి పిల్లలను పంపే తల్లిదండ్రులు, అందరికీ ఆ హక్కు ఉంది. పాతబస్తీలో ఆస్తి కాగితాలు సరిగా లేవన్న భయంతో చాలామంది ఆఫీసు గడప ఎక్కరు. ఈ విషయంలో ఆ భయం అనవసరం.

గడువు తీరాక వచ్చినవాటిని చూస్తారు. మార్పు చార్జీలు కట్టించుకుంటారు. తర్వాత తుది జీవో వెలువడుతుంది.

15 రోజుల లెక్క

సాధారణంగా ఈ ముసాయిదాల్లో ఇచ్చే గడువు 15 రోజులు. గెజిట్‌లో అచ్చయిన తేదీ నుంచి లెక్క. మనం చూసిన తేదీ నుంచి కాదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ గడువులోగా అభ్యంతరం శాఖకు అంది ఉండాలి. చివరి రోజున పోస్టు చేసి రసీదు దాచుకుంటే లాభం లేదు. కవరు చేరేసరికి గడువు దాటుతుంది.

గెజిట్ ఎవరు చదువుతారు? లాయర్లు, డాక్యుమెంట్ రైటర్లు, బిల్డర్ల మనుషులు. అందులోని భాష ఇంగ్లిష్. సర్వే నంబర్, ఎకరాలు, గుంటలు, నాలుగు దిక్కుల హద్దులు, పది పన్నెండు షరతులు. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకు కూడా రెండుసార్లు చదివితే గానీ అర్థం కాని వాక్యాలు. 2017 నవంబర్‌లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసింది. తెలుగు ఎలాగూ మొదటి అధికార భాష. అయినా ఒక బస్తీ రూపురేఖలు మార్చే ముసాయిదా ఆ బస్తీలో మాట్లాడే రెండు భాషల్లో ఒక్కదానిలోనూ రాకపోతే ప్రజాభిప్రాయ సేకరణ అనే మాటకు అర్థం సగమే. అభ్యంతరం మాత్రం ఉర్దూలో గానీ తెలుగులో గానీ రాయడానికి సందేహించాల్సిన పని లేదు. ఇంగ్లిష్ ప్రతి కూడా జత చేస్తే ఫైల్ అనువాదం కోసం ఆగదు, అంతే.

సమాచార హక్కు చట్టం కింద ఫైల్ అడిగి, చదివి, అప్పుడు అభ్యంతరం రాద్దామనుకునేవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. ఆ చట్టం కింద జవాబుకు గడువు 30 రోజులు. అభ్యంతరానికి గడువు 15. పది రూపాయలు కట్టి దరఖాస్తు వేయడం మంచిదే, తర్వాత కోర్టులో పనికొస్తుంది. కానీ జవాబు కోసం ఎదురుచూడకుండా మొదట అభ్యంతరం ఇచ్చేయాలి. పూర్తి కాగితాలు దొరికాక మరింత రాసుకునే అవకాశం ఇవ్వాలని అందులోనే ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది.

షరతుల్లో దాగిన సంగతులు

ముసాయిదా కింద ఉండే షరతులను ఎవరూ పట్టించుకోరు. వాటిలో రెండు మూడు సామాన్యుడికి బాగా పనికొచ్చేవి ఉన్నాయి. భూ వినియోగ మార్పును యాజమాన్యానికి రుజువుగా చూపకూడదని ఒక షరతు. యాజమాన్యం గురించి తప్పుడు సమాచారం ఇస్తే బాధ్యత దరఖాస్తుదారుదేనని మరొకటి. రోడ్డు కింద పోయే స్థలాన్ని ఉచితంగా స్థానిక సంస్థకు అప్పగించాలని ఇంకొకటి. నిర్మాణానికి విడిగా హెచ్‌ఎండీఏ అనుమతి తీసుకోవాలని, 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168లోని భవన నియమాలు పాటించాలని కూడా ఉంటుంది. చెరువుల దగ్గర ఈ చివరి షరతు కీలకం. ఆ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. మున్సిపల్ పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు వదలాలి.

మొదటి షరతు వక్ఫ్ భూముల విషయంలో గుర్తుంచుకోవాల్సినది. ఖబరస్తాన్ పక్క స్థలం నివాస జోన్‌లోకి మారినంత మాత్రాన అది ఎవరి సొంతమూ అయిపోదు. వక్ఫ్ భూమి వక్ఫ్‌గానే ఉంటుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. మ్యాప్‌లో శ్మశానం, ఖబరస్తాన్ అని గుర్తు ఉన్నంత మాత్రాన అది వక్ఫ్ అని రుజువు కాదు. దానికి వక్ఫ్ సర్వే, గెజిట్, రెవెన్యూ రికార్డులు వేరే చూపాలి. ఈ తేడా తెలియక కొన్ని కమిటీలు అభ్యంతర పత్రంలో అంతా యాజమాన్యం గురించే రాస్తాయి. ప్లానింగ్ అధికారి దాన్ని 'ఇది సివిల్ వివాదం, మా పరిధి కాదు' అని పక్కన పెట్టేస్తాడు. వక్ఫ్ గెజిట్ నకలు జత చేయాలి. దాంతోపాటు జనాజా వెళ్లే దారి మూసుకుపోతుంది, వాన నీళ్లు ఖబరస్తాన్‌లోకి మళ్లుతాయి, ఇంతమంది జనాభాకు ఇది ఒక్కటే శ్మశాన స్థలం, అని ప్లానింగ్ భాషలో కూడా రాయాలి. వాటిని పక్కన పెట్టడం అంత తేలిక కాదు.

కామారెడ్డిలో ఏం జరిగింది

ఒక్క సర్వే నంబర్ మార్పు కాకుండా పట్టణం మొత్తానికి కొత్త ప్లాన్ వేసేటప్పుడు గడువు ఎక్కువ ఉంటుంది. కామారెడ్డి మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ 2022 నవంబర్‌లో వచ్చింది. అభ్యంతరాలకు 60 రోజులు ఇచ్చారు, 2023 జనవరి 11 ఆఖరు తేదీ. అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, లింగాపూర్, టేక్రియాల్ లాంటి గ్రామాల సాగుభూములు పారిశ్రామిక జోన్‌లో ఉన్నట్టు రైతులకు తెలిసింది. ఇది ముసాయిదానే, భూమి ఎవరూ తీసుకోవడం లేదు అని అధికారులు చెప్పారు. ఆ మాట చట్టపరంగా తప్పు కాదు. కానీ రైతు లెక్క వేరు. జోన్ మారితే భూమి అతని పేరు మీదే ఉంటుంది, కానీ బిడ్డ పెళ్లికి అర ఎకరం అమ్ముదామంటే కొనేవాడు ఇంటి ప్లాటు ధర పెట్టడు. ఆస్తి పుస్తకంలో అలాగే ఉండి, విలువ పడిపోవడం అంటే ఇదే. కామర్స్ చదివినవాళ్లకు ఈ నష్టం పేరు తెలుసు, రైతుకు పేరు తెలియకపోయినా దెబ్బ తెలుసు.

జనవరి మొదటి వారంలో ఒక రైతు ఆత్మహత్యతో ఆందోళన ఎగసిపడింది. కలెక్టరేట్ ముట్టడి, పట్టణ బంద్ జరిగాయి. కొందరు హైకోర్టుకు వెళ్లారు. వందల సంఖ్యలో రాతపూర్వక అభ్యంతరాలు మున్సిపల్ ఆఫీసుకు చేరాయి. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాలలోనూ ఇలాంటి ఆందోళన తర్వాత ముసాయిదా ఆగిపోయింది.

ఇందులో గమనించాల్సినది తేదీలు. ముసాయిదా వచ్చింది నవంబర్‌లో, గొడవ మొదలైంది డిసెంబర్, జనవరిల్లో. 60 రోజులు ఉన్నాయి కాబట్టి ఊళ్లు మేలుకునే సమయం దొరికింది. 15 రోజులే ఉండి ఉంటే ఆ ప్లాన్ మీద కూడా అభ్యంతరాలు రాలేదనే రాసేవారేమో.

అమరావతి ఆర్-5

ఆంధ్రప్రదేశ్‌లో జోన్ మార్పు మీద జరిగిన అతి పెద్ద వివాదం అమరావతిది. రాజధాని మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్లు నాలుగు రకాలు ఉండేవి. 2022లో అక్కడి ప్రభుత్వం చట్టాన్ని సవరించి, అక్టోబర్ చివర ఆర్-5 అనే కొత్త జోన్‌కు ముసాయిదా ఇచ్చింది. మందడం, ఐనవోలు, కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు గ్రామాల్లో 900 ఎకరాల పైచిలుకు పేదల ఇళ్ల స్థలాలకు. అభ్యంతరాలకు 15 రోజులు. 2023 మార్చిలో తుది నోటిఫికేషన్ వచ్చింది. భూ సమీకరణలో పొలాలిచ్చిన రైతులు మాస్టర్ ప్లాన్ మారదన్న నమ్మకంతోనే ఇచ్చామన్నారు. రాజధానిలో పేదలకు చోటు ఉండకూడదా అని ప్రభుత్వం అడిగింది. రెండు వైపులా వాదన ఉంది, రెండు వైపులా మనుషులున్నారు. విషయం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2023 మేలో పట్టాలు పంచడానికి సుప్రీంకోర్టు అడ్డు చెప్పలేదు గానీ, అవి తుది తీర్పుకు లోబడి ఉంటాయంది. గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల 50 వేల మందికి పైగా పేదల కోసం స్థలాలు సిద్ధమయ్యాయి. ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం మీద స్టే ఇచ్చింది. చేతిలో పట్టా, కట్టుకోవడానికి వీల్లేదు. ప్లాన్ మార్పు మొదటి మెట్టు దగ్గర మాట తేలకపోతే చివరికి నష్టపోయేది ఎవరో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఆలస్యమైతే మిగిలేది నష్టపరిహారమే

పాతబస్తీ మెట్రో సంగతి తీసుకుందాం. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు. దారుల్‌షిఫా, షాలిబండ మధ్య రోడ్డు 50 నుంచి 60 అడుగులే ఉంటుంది. మాస్టర్ ప్లాన్ ప్రకారం అది 100 అడుగులు. మెట్రో స్టేషన్ల దగ్గర 120 అడుగులు కావాలని అధికారులు ప్రకటించారు. వందకు పైగా ఉన్న మస్జిద్‌లు, దర్గాలు, మందిరాలు, ఆషూర్‌ఖానాలు, వారసత్వ కట్టడాలను కాపాడేలా డిజైన్ చేస్తామని చెప్పారు. ఆస్తులు పోయేవాళ్లకు గజానికి 81 వేల రూపాయలు నిర్ణయించి, 2025 జనవరి నుంచి చెక్కులు ఇవ్వడం మొదలుపెట్టారు.

మెట్రో పాతబస్తీకి అవసరం. దశాబ్దానికి పైగా అక్కడి జనం అడుగుతున్నది అదే. ఇక్కడ మాట దాని గురించి కాదు. భూసేకరణ నోటీసు చేతికి వచ్చేసరికి ఇంటివాళ్లు ప్రశ్నించగలిగేది ఏమిటన్నది. 2013 భూసేకరణ చట్టంలో కూడా ప్రాథమిక నోటిఫికేషన్ మీద అభ్యంతరానికి 60 రోజులు ఉన్నాయి. కానీ రోడ్డు 100 అడుగులు ఎందుకు, 80 చాలదా, ఒకవైపే ఎందుకు తీస్తున్నారు అన్న ప్రశ్నలకు జవాబు ప్లాన్ మ్యాప్‌లో ఎప్పుడో రాసేశారు. అందుకే ఈ దశలో చర్చంతా గజానికి ఎంత, దుకాణం పోతే కిరాయిదారుకు ఏమిస్తారు, ఉమ్మడి ఆస్తిలో చెక్కు ఎవరి పేరు మీద అన్న వాటి చుట్టూనే తిరుగుతుంది. ప్లాన్ దశలో ఒక తెల్లకాగితం మీద అడగాల్సిన ప్రశ్న, సేకరణ దశకు వచ్చేసరికి లాయర్ ఫీజు పెట్టి అడగాల్సి వస్తుంది.

2024 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల మీద ఆర్‌బీ-ఎక్స్ అని ఎర్ర రంగుతో గుర్తులు పడ్డప్పుడు చాలా కుటుంబాలు మొదటిసారి నదీ గర్భం, బఫర్ అనే మాటలు విన్నాయి. చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దుల విషయంలోనూ ఇంతే. ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలు, తుది నోటిఫికేషన్ అనే వరుస అక్కడా ఉంది. తుది నోటిఫికేషన్ అయిపోయాక గీత జరపడం చాలా కష్టం.

కాగితం ఎలా ఉండాలి

అభ్యంతర పత్రానికి ప్రత్యేక ఫారం లేదు. తెల్లకాగితం చాలు. ముసాయిదా నోటిఫికేషన్ నంబర్, గెజిట్ తేదీ, గ్రామం, మండలం, సర్వే నంబర్ మొదటే రాయాలి. ఇవి లేకపోతే కాగితం ఏ ఫైల్‌లో పెట్టాలో తెలియక ఎక్కడో ఉండిపోతుంది. రాసేవాళ్ల పేరు, చిరునామా, ఆ స్థలానికి ఎంత దూరంలో ఉంటున్నారు అన్నవి తర్వాత. ఆపైన కారణాలు. 'ప్రజలకు ఇబ్బంది' అన్న మాట ఒక్కటే రాస్తే చదివేవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. రోడ్డు 20 అడుగులే ఉంది, ఫైరింజన్ రాదు అని రాస్తే, కొలిచి ఫోటో పెడితే, ఎవరో ఒకరు జవాబు రాయాల్సి వస్తుంది. డ్రైనేజీ పైపు సైజు, చెరువు దూరం, దగ్గరి బడి, ఆ వార్డులో పార్కు ఉందా లేదా, ఇలాంటివి పనికొస్తాయి. చివర ఏం కోరుతున్నారో స్పష్టంగా ఉండాలి. మార్పు వద్దనా, రోడ్డుకు కొంత స్థలం వదిలించి అనుమతించాలనా, తమను పిలిచి వినాలనా. పూర్తిగా వద్దనడమే దారి కాదు. పెద్ద అపార్ట్‌మెంట్ వచ్చేచోట దారి వెడల్పు చేయించుకోవడం, నాలా పక్కన స్థలం వదిలించుకోవడం కూడా సూచనల కిందికే వస్తాయి.

పత్రం మున్సిపల్ పరిపాలన, పట్టణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి పేరున, అంబేద్కర్ సచివాలయానికి వెళ్లాలి. నకలు అమీర్‌పేట్ స్వర్ణ జయంతి కాంప్లెక్స్‌లోని హెచ్‌ఎండీఏ కమిషనర్‌కు. చేతితో ఇస్తే రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఆ ముద్ర లేని కాగితం ఇచ్చినట్టు కాదు. దూరంగా ఉన్నవాళ్లు గడువుకు వారం ముందే స్పీడ్ పోస్టు వేయడం మేలు. యాభై మంది సంతకాలతో ఒకే పత్రం ఇస్తే అది ఒక అభ్యంతరం కిందే నమోదయ్యే ప్రమాదం ఉంది. ఎవరికి వాళ్లు వేర్వేరుగా, వేర్వేరు మాటల్లో రాసిస్తే లెక్కలోకి వస్తుంది. జుమా తర్వాత అందరి చేత ఒకే జెరాక్స్ కాగితం మీద సంతకాలు పెట్టించడం తేలిక, కానీ ఫలితం తక్కువ.

అభ్యంతరం తోసిపుచ్చితే కారణం చెబుతూ ఉత్తరం వస్తుందని ఆశించలేం. తుది జీవో చూసుకోవాల్సిందే. అందులో అభ్యంతరాలు రాలేదని రాసి, చేతిలో ఇన్‌వర్డ్ ముద్ర ఉన్న ప్రతి ఉంటే హైకోర్టులో రిట్ వేయడానికి అదే గట్టి ఆధారం. అభ్యంతరాలు వచ్చాయి, పరిశీలించాం అని రాసినా, ఎలా పరిశీలించారో ఫైల్ చూపించమని అడగవచ్చు. పక్కన నివసించేవాళ్లకు ఇలాంటి కేసు వేసే హక్కు లేదన్న వాదనను సుప్రీంకోర్టు 1991లోనే తోసిపుచ్చింది. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చిన కేసు అది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ బి.ఎస్. ముద్దప్ప. ఆ కాలనీవాళ్లే కోర్టుకెక్కారు, కేటాయింపు రద్దయింది, పార్కు స్థలం పార్కుకే మిగిలింది.

ఇప్పుడు హైదరాబాద్ ప్రాంతానికి 2050ని దృష్టిలో పెట్టుకుని కొత్త మాస్టర్ ప్లాన్ తయారు చేస్తామని ప్రభుత్వం 2024 నుంచి చెబుతోంది. దాని ముసాయిదా బయటికి వచ్చిన రోజున ప్రతి బస్తీవాళ్లూ మ్యాప్‌లో ముందుగా వెతకాల్సినవి మూడు. తమ గల్లీ పక్కన రోడ్డు వెడల్పు ఎంత రాశారు, దగ్గరి చెరువు లేదా నాలా గీత ఎక్కడిదాకా వచ్చింది, ఖబరస్తాన్, శ్మశానం, ఈద్గా, బడి, ఆటస్థలం ఏ రంగులో ఉన్నాయి. అభ్యంతరాల ఆఖరు తేదీ ఆ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది.